నక్కగారి కెమెరా మూత

ఇప్పచెట్లు పూత రాల్చే రోజుల్లో ఆ కొండవాలు అడవంతా తియ్యటి వాసన వేస్తుంది. ఆ ఏడు మాత్రం పూత పలచగా రాలింది. వాగు అంతకంటే పలచగా పారింది.

ఆ వాగు ఒడ్డునే, రెండు బండరాళ్ళ సందులో, తాబేలు పేరిందేవమ్మ ఫొటో స్టూడియో. స్టూడియో అంటే హంగులేమీ లేవు. వచ్చినవాళ్ళు కూర్చోడానికి ఒక నున్నటి రాయి, ఫిలిం కడగడానికి వెలుతురు చొరని ఒక బొరియ, బండకి ఆనించి వరసగా నాలుగు తరాల ఫొటోలు. దుప్పుల పెళ్ళిళ్ళు, కుందేళ్ళ బారసాలలు, ముళ్ళపందిగారి షష్టిపూర్తి, అన్నీ అక్కడే ఉన్నాయి. తెల్లారగానే వాగులో మునిగి, సూర్యనారాయణమూర్తికి దండం పెట్టి, ఆ ఫొటోలన్నిటి మీదా దుమ్ము తుడిచిగానీ పేరిందేవమ్మ పచ్చి ఆకు నోట పెట్టదు.

ఆమె కెమెరా ఒక నల్ల డబ్బా. మూల పగిలితే తేనెమైనంతో అతికించింది. అద్దం మీద సన్నటి గీత పడింది. దానికి మూత లేదు. ఒకప్పుడు ఉండేది, ఏమైందని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తుంది.

ఒకరోజు పొద్దున్నే ఏనుగు హైమవతి నీడ స్టూడియో మీద పడింది.

"అత్తా, ఉన్నావా?"

"ఎక్కడికి పోతానమ్మా, ఇల్లు మోసుకు తిరిగేదాన్ని! రా, కూర్చో. ఆ రాయి మీద మాత్రం కూర్చోకు, పిండైపోతుంది."

హైమవతి నవ్వబోయి ఆగిపోయింది. "మా అమ్మ ఎల్లుండి పొద్దున్నే వెళ్ళిపోతోంది అత్తా. వాగు ఇలా ఎండితే ఇరవైమందికీ ఒకేచోట నీళ్ళు చాలవట. సగంమందిని తీసుకుని కొండ అవతలి లోయకి పోతానంది. ఆ దారి తనకొక్కదానికే తెలుసు. మిగతా సగంమందితో నన్నిక్కడ ఉండమంది."

హైమవతి తల్లి మాణిక్యాంబంటే ఆ మందకే కాదు, అడవి మొత్తానికి పెద్ద దిక్కు.

"నలభై ఏళ్ళ కిందటా ఇలాగే జరిగిందిగా," అంది హైమవతి. "అప్పుడు మా విశాలాక్షి పెద్దమ్మ సగంమందితో తూర్పుకి పోయింది. మళ్ళీ కలవలేదు. నిన్న అమ్మ ఏమందో తెలుసా అత్తా? 'అక్క నడక గుర్తుందే, గొంతు గుర్తుంది. ముఖం మాత్రం ఎంత తలుచుకున్నా రావడం లేదు' అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒక్క ఫొటో ఉన్నా సరిపోయేది. అందుకే ఈసారి అందరం కలిసి ఒక ఫొటో దిగాలనుకున్నాం."

పేరిందేవమ్మ మెడ కొంచెం డిప్పలోకి ముడుచుకుంది. "తప్పకుండా దిగండమ్మా. నేను డబ్బా సర్దుకుంటాను."

హైమవతి తొండంతో నేల గీకింది. "అదే చెబుదామని వచ్చాను. నక్క దివాకరానికి చెప్పాం. పట్నం అంచున ఆర్నెల్లుండి వచ్చాడుగా, పెద్ద కెమెరా తెచ్చాడు. పిల్లలంతా అదే కావాలన్నారు. నువ్వేమీ అనుకోకు. నువ్వు మాత్రం తప్పకుండా రావాలి, మా ఇంటి మనిషిలా."

"అనుకోవడానికేముందే పిచ్చిదానా. వస్తాను. వట్టి చేతులతో మాత్రం రాను, డబ్బా తెచ్చుకుంటాను. అది లేకపోతే నాకు బట్టలు కట్టుకోకుండా వచ్చినట్టుంటుంది."

హైమవతి వెళ్ళాక పేరిందేవమ్మ డబ్బా తెరిచి చూసుకుంది. రీలులో ఇంక రెండే ఫొటోలు. ఆ రకం రీళ్ళు రావడం మానేసి చాన్నాళ్ళయింది. రెండు చాలు అనుకుంది. నిజానికి ఒకటి చాలు.

*

మర్నాడు సాయంత్రం మద్దిచెట్ల మైదానంలో అందరూ కలవాలని మాట. పేరిందేవమ్మ పొద్దున్నే బయలుదేరింది. నడక నెమ్మది కాబట్టి ఎలాగూ ముందు బయలుదేరాల్సిందే. కానీ చేరేటప్పటికి మధ్యాహ్నమే అయింది, ఎవరూ రాలేదు. ఆమె మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినట్టు తిరిగింది. తన డిప్ప నీడ ఎటు సాగుతోందో చూసుకుంది. సాయంత్రానికి ఎండ రెండు పెద్ద మద్దిచెట్ల నడుమనుంచి పడుతుందని లెక్క కట్టింది. దానికి ఎదురుగా, చిన్న రాతిదిమ్మ మీదకి ఎక్కి, డబ్బా ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని నామం చెప్పుకుంటూ కూర్చుంది.

పొద్దు వాలుతుండగా దివాకరం దిగాడు. ముందు అతను వచ్చాడు, తర్వాత అతని సంచులు వచ్చాయి. వీపున ఒకటి, భుజాలకి రెండు, నోట కరుచుకుని ఇంకొకటి. మూడు కాళ్ళ స్టాండు విప్పి దాని మీద కెమెరా బిగించాడు. దాని ముందు లెన్సు సొరకాయంత పొడుగు. చివర నల్లగా మెరిసే మూత.

"అమ్మో, ఫిరంగిలా ఉందే!" అన్నాయి అప్పుడే మందతో వచ్చిన ఏనుగు గున్నలు.

"ఫిరంగి దీని ముందు ఎందుకూ పనికిరాదు," అన్నాడు దివాకరం తోక విదిలించి. "కొండ అవతల చీమ ఆవులిస్తే దాని నాలుక కనబడుతుంది ఇందులో. సెకనుకి ముప్ఫై ఫొటోలు. ఇంత ఖరీదైంది ఈ చుట్టుపక్కల ఏడు అడవుల్లో లేదు." అప్పుడు పేరిందేవమ్మ వైపు తిరిగాడు. "మామ్మగారూ, మీరూ తెచ్చారా? ఏమిటది, తాంబూలం పెట్టా?"

గున్నలు కిసకిసలాడాయి.

"అవును నాయనా," అంది పేరిందేవమ్మ మెల్లగా. "తాంబూలం పెట్టె లాంటిదే. నాలుగు తరాల వాళ్ళకి ఇందులోంచే ఇచ్చాను."

గుమ్మడి అని అందరూ ముద్దుగా పిలుచుకునే గున్న ఒకటి, మందలో అన్నిటికంటే చిన్నది, గునగునా వచ్చి డబ్బా ముందు నిలబడింది. "ఇందులోంచి ఏం కనబడుతుంది మామ్మా?" అని తొండం నేరుగా అద్దానికి ఆనించి, ఇంకో కాలితో మీట మీద నొక్కేసింది.

క్లిక్.

"అయ్యో నీ ఇల్లు బంగారంగానూ!" అంది పేరిందేవమ్మ. "ఉన్న రెండింట్లో ఒకటి నీ ముక్కుకి పోయిందిరా."

దివాకరం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇంక ఒక్కటే మిగిలిందా! నేను మామ్మగారూ, పొద్దున్నుంచి గడ్డిపరకలకే వెయ్యి తీశాను, చెయ్యి తిరగడానికి."

"చెయ్యి తిరిగిందా మరి?" అని అడిగిందామె. వెటకారం లేదు ఆ గొంతులో. దివాకరం వంగి స్టాండు మళ్ళీ బిగించసాగాడు.

ఇంతలో మాణిక్యాంబ వచ్చింది. కాళ్ళు నెమ్మదిగా పడుతున్నా ఒక్కొక్క అడుగూ నేలకి చెప్పి వేసినట్టుంది. రాగానే రాతిదిమ్మ వైపు చూసింది. "వచ్చావా పేరిందేవీ."

"వచ్చాను వదినా."

"డబ్బా తెచ్చావా?"

"తెచ్చాను."

"సరే," అని మాణిక్యాంబ వెళ్ళి మధ్యలో నిలబడింది.

"అందరూ వరసలో!" అని అరిచాడు దివాకరం. "పొడుగు వాళ్ళు వెనక, పొట్టి వాళ్ళు ముందు. చెవులు ఊపకండి. హైమవతిగారూ, కడుపు లోపలికి లాక్కోండి."

"లోపలికి లాక్కుంటే బయటికి ఎవరు పెడతారయ్యా?" అంది హైమవతి. అయినా లాక్కుంది.

దివాకరం కెమెరాలో కన్ను పెట్టాడు. మాణిక్యాంబ కుడి చెవి కనబడింది. కెమెరా తిప్పాడు. హైమవతి మోకాలు కనబడింది. స్టాండు ఎత్తుకుని పది అడుగులు వెనక్కి వేశాడు. ఇప్పుడు ఒక ముఖం పట్టింది. ఇంకో ఇరవై అడుగులు. రెండు ముఖాలు, ఒక తోక.

"వెనక్కి చూసుకో నాయనా," అంది పేరిందేవమ్మ. "అంత పొడుగు అద్దం దూరాన ఉన్నవాళ్ళని దగ్గరికి లాగడానికి పనికొస్తుంది. దగ్గరున్న ఇరవైమందినీ పట్టించాలంటే పొట్టిది కావాలి. తెచ్చావా?"

"కెమెరాతోపాటు పొట్టిది ఇచ్చారు గానీ ఇంట్లో పారేశాను. చిన్నది మోసుకొస్తే జనం ఏమనుకుంటారు?"

"జనం సంగతి సరే. వెనక దున్నపోతుల మడుగుంది."

"నాకు తెలుసు లెండి," అంటూనే ఇంకో అయిదు అడుగులు వెనక్కి వేశాడు. అడవిదున్నలు పొద్దుటంతా పొర్లిన బురదలో నడుం దాకా దిగబడ్డాడు. కెమెరాని మాత్రం రెండు చేతులా నెత్తి మీదకి ఎత్తి పట్టుకున్నాడు. ఒక ఏనుగు వెళ్ళి తోక పట్టుకుని లాగి ఒడ్డున పెట్టింది. ఒళ్ళంతా బురద, కెమెరా మీద చుక్క లేదు.

"పరవాలేదు!" అన్నాడు రొప్పుతూ. "ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా తీసేస్తాను. ఇంటికెళ్ళి అందర్నీ కలిపి అతికిస్తే సరి, ఎవరికీ తెలీదు."

మాణిక్యాంబ తల ఎత్తింది. "అతికిస్తావా? మేమేమన్నా విస్తరాకులమా అబ్బాయ్, పుల్లలు గుచ్చి కుట్టడానికి? రేపటినుంచి ఎలాగూ విడివిడిగానే ఉంటాం. ఈ ఒక్క సాయంత్రం కలిసి ఉన్నాం. అది కావాలి నాకు."

దివాకరం వినిపించుకోలేదు. ఒక్కొక్క ముఖం ముందూ లెన్సు తిప్పుతూ టకటకా కొట్టుకుంటూ పోయాడు. కనురెప్ప వెంట్రుకలు తీశాడు, దంతం మీద గీతలు తీశాడు. ఏనుగులు విసుగెత్తి వరస చెరిపేసి నిలబడ్డాయి. ఎండ మద్దిచెట్ల నడుమకి దిగింది.

పేరిందేవమ్మ డబ్బా సర్దుకుంది. ఆమెకి తెలుసు, ఇప్పుడే మొదలవుతుంది. ఏనుగుల ఇంట్లో విడిపోయేటప్పుడు ఒక ఆనవాయితీ ఉంది. ముందు ఒక్కొక్కరూ వచ్చి పెద్దావిడ నోట్లో తొండం చివర పెట్టి సెలవు తీసుకుంటారు. అందరి వంతూ అయ్యాక ఆవిడ నేలమీది ఎర్రమన్ను తొండం నిండా తీసుకుని అందరి తలల మీదా ఒక్కసారి చల్లుతుంది. వాళ్ళకి అవే అక్షింతలు. ఆ మన్ను పడేటప్పుడు, ఎంత పొగరుబోతు ఏనుగైనా తల వంచుతుంది. అందరూ కలిసి ఆవిడ దగ్గరికి జరిగేది ఆ ఒక్క క్షణమే.

"దివాకరం, ఇలా రా నాయనా," అని పిలిచింది.

"ఏంటి మామ్మగారూ, పనిలో ఉన్నాను."

"నా పక్కన వచ్చి నిలబడు. ఈ దిమ్మ మీదనుంచి నీ పొడుగు అద్దంలో అందరూ పట్టరుగానీ మాణిక్యాంబ ముఖం పడుతుంది, అదీ గొప్పే. కాసేపట్లో దుమ్ము లేస్తుంది. అసలు ఫొటో ఆ దుమ్ములోనే ఉంది. ఏమైనా సరే, మూత మాత్రం వేయకు."

దివాకరం చెవులు నిక్కబొడుచుకున్నాయి. "దుమ్మా! దుమ్ము లేస్తుందని ముందే తెలుసా మీకు? తెలిసి కూడా మూత వేయకంటున్నారా?" కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "అర్థమైంది. ఒక్క రవ్వ దుమ్ము లోపలికి పోతే నా లెన్సు సంగతి అంతే. అదే కదా మీక్కావాల్సింది? మీ పగిలిన డబ్బా పక్కన నాదీ పగిలితే గానీ మీకు నిద్రపట్టదా?"

"నా మాట విను బాబూ. నేను ఊరికే చెప్పడం లేదు."

"ఈ అడవిలో ఎవరూ ఊరికే చెప్పరు లెండి, అందరికీ కడుపుమంటే," అని దూరంగా పోయి నిలబడ్డాడు.

ఏనుగులు కదిలాయి. హైమవతి ముందు వచ్చింది. తల్లి నోట్లో తొండం పెట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత చెల్లెళ్ళు, వాళ్ళ కూతుళ్ళు, మనవలు. ఆఖరున గుమ్మడికి తొండం అందకపోతే వాళ్ళమ్మ వెనకనుంచి తోసింది. మాణిక్యాంబ మోకాళ్ళు వంచి కిందికి దిగింది.

అప్పుడు ఆవిడ లేచి, తొండం నేలకి ఆనించి గట్టిగా పీల్చింది.

పేరిందేవమ్మ మీట మీద కాలు ఆనించింది.

ఎర్రమన్ను గాల్లోకి లేచింది. వెనకనుంచి ఎండ పడి మన్నంతా కుంకుమ రంగులో వెలిగింది. పంతొమ్మిది తలలు ఒక్కసారి వంగాయి. వాటి నడుమ మాణిక్యాంబ ముఖం ఒక్కటే పైకెత్తి ఉంది.

దివాకరం వైపునుంచి ఒక చప్పుడు వినబడింది. టక్. ఆ వెంటనే కెమెరా మీద గుడ్డ కప్పి, దాని మీద తను కూడా బోర్లా పడుకున్నాడు.

రాతిదిమ్మ మీదనుంచి ఇంకొక చప్పుడు వచ్చింది. క్లిక్.

మన్ను నేలకి దిగింది. ఏనుగులు తలలెత్తాయి. దివాకరం గుడ్డ తీసి, దులిపి, మూత ఊడదీసి, "ఆఁ, నేను సిద్ధం!" అన్నాడు మాణిక్యాంబ వైపు తిరిగి. "మామ్మగారూ, అదేదో చల్లారుగా, ఇంకొక్కసారి చల్లండి. ఈసారి కొంచెం తక్కువ దుమ్ముతో."

మాణిక్యాంబ తొండానికి అంటిన మన్ను దులుపుకుంది. "పెళ్ళిలో తలంబ్రాలు రెండోసారి పోయించే ఫొటోవాళ్ళని చూశాను అబ్బాయ్. మా ఇంట్లో దీవెన ఒక్కసారే. అయిపోయింది."

*

తెల్లారి ఏనుగులు బయలుదేరడానికి సిద్ధమై మైదానంలో నిలబడ్డాయి. దివాకరం అప్పటికే తన కెమెరా వెనకున్న బుల్లితెర అందరికీ చూపిస్తున్నాడు.

"చూడండి, ఎంత స్పష్టంగా ఉందో! ప్రతి వెంట్రుకా లెక్కపెట్టుకోవచ్చు."

"ఇదెవరి చెవి?" అని అడిగింది హైమవతి.

"అది... చెవి. ఎవరిదైతేనేం, స్పష్టంగా ఉందిగా."

"ఈ మోకాలు?"

"మీదే అనుకుంటాను."

"అమ్మ ఏదయ్యా? అమ్మతో మేమంతా ఉన్నదేదీ?"

రెండువేల ఫొటోలు ముందుకీ వెనక్కీ జరిపాడు. లేదు.

అప్పటికి పేరిందేవమ్మ మైదానం చివర కనబడింది. రాత్రికి రాత్రే ఇంటికెళ్ళి, బొరియలో ఫిలిం కడిగి, ఫొటోలు వేసి ఆరబెట్టి బయలుదేరింది. డిప్ప మీద టేకాకులో చుట్టిన కట్ట. మాణిక్యాంబే ఎదురెళ్ళి తొండంతో కట్ట అందుకుంది.

కట్టలోంచి మొదటి ఫొటో బయటికి తీసింది. ఫొటో నిండా రెండు పెద్ద నల్లటి గుంటలు, వాటి చుట్టూ ముడతలు.

"ఇదేంటే పేరిందేవీ? గుహలా ఉంది."

"నీ మునిమనవడి ముక్కు వదినా."

మంద మొత్తం నవ్వింది. గుమ్మడి వాళ్ళమ్మ కాళ్ళ మధ్య దాక్కుంది. మాణిక్యాంబ ఒళ్ళు కదిలేలా నవ్వి, "ఇది కూడా పట్టుకెళ్తాను. వీడు పెద్దయ్యాక చూపిస్తే ఇంకెవరి పనుల్లోనూ ముక్కు పెట్టడు" అంది.

రెండో ఆకు విప్పింది. నవ్వు ఆగిపోయింది.

నలుపు తెలుపు ఫొటో అది. మన్ను మంచులా వెలుగుతోంది. పంతొమ్మిది తలలూ వంగి ఉన్నాయి. ఎవరు ఎవరో ఒక్కొక్కరి వంపులో తెలుస్తోంది. హైమవతి చెవి తల్లి భుజానికి ఆనుకుని ఉంది. మధ్యలో మాణిక్యాంబ ముఖం. దుఃఖం ఉంది అందులో, భయం మాత్రం లేదు. మూల ఒక సన్నటి గీత, అద్దం మీదది, ఆకాశంలో మెరుపులా పడింది.

"దీన్ని రెండు కాపీలు వేశాను," అంది పేరిందేవమ్మ. "ఒకటి వెళ్ళేవాళ్ళకి, ఒకటి ఉండేవాళ్ళకి."

మాణిక్యాంబ ఫొటో మీదనుంచి తల ఎత్తి అంది, "నలభై ఏళ్ళ కిందట కూడా నువ్వు ఇక్కడే ఉన్నావు. ఆ దిమ్మ మీదే."

పేరిందేవమ్మ మెడ ముడుచుకోలేదు ఈసారి. "ఉన్నాను వదినా. డబ్బా అప్పుడు కొత్తది. దానికి ఇత్తడి మూత ఉండేది. విశాలాక్షి వదిన మన్ను చల్లేటప్పుడు అద్దం పాడవుతుందని మూత వేసేశాను. తీసేసరికి అయిపోయింది. ఆ సాయంత్రమే మూత వాగులో పారేశాను. ఇన్నాళ్ళూ నీకు చెప్పే ధైర్యం లేకపోయింది."

"చెప్పాలా? అక్క ముఖం మర్చిపోయాను గానీ, టక్కున పడిన నీ మూత చప్పుడు మర్చిపోలేదే పేరిందేవీ. నిన్న ఆ అబ్బాయి దగ్గర మళ్ళీ అదే చప్పుడు వినగానే గుండె ఆగినంత పనైంది. ఆ వెంటనే నీ దిమ్మ వైపునుంచి క్లిక్ మంది. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను." తొండం చాచి తాబేలు డిప్ప మీద ఆనించింది. "పాతది తీరిపోయింది. ఇంక మోయకు. నీకు మోయడానికి ఇల్లు చాలు."

దివాకరం ఫొటోని పక్కనుంచి తొంగి చూశాడు. మీసాలు వాలిపోయాయి. "మామ్మగారూ, ఆ డబ్బాలో ఏం అద్దం పెట్టారు? ఏ కంపెనీ? ఎంతైనా సరే, అలాంటిది నేనూ కొంటాను."

"అద్దానిది ఏముంది నాయనా, నీదే మంచిది. దాంతోనే తియ్యి. వీళ్ళ మధ్య తిరుగు, ఎవరు ఎప్పుడు తల వంచుతారో తెలుసుకో. ఆ వేళకి మూత తీసి ఉంచు."

"అంతేనా?"

"అంతే. దానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. నువ్వు చురుకైనవాడివి, తొందరగానే పట్టుబడుతుంది."

దివాకరం బుద్ధిగా తలూపాడు. అందరి ముందూ మూత ఊడదీసి సంచిలో వేశాడు కూడా.

మాణిక్యాంబ కొండ వైపు తిరిగింది. తొమ్మిదిమంది వెనక నడిచారు. ఎండిన నేల మీద నలభై కాళ్ళు కదిలేసరికి ఎర్రటి దుమ్ము మళ్ళీ లేచింది, గాలికి మైదానం మీదకి వచ్చింది. మలుపు దగ్గర మాణిక్యాంబ ఆగింది. ఒక్కసారి వెనక్కి తిరిగి, తొండం ఆకాశానికి ఎత్తి, ఉన్నవాళ్ళందరినీ కళ్ళారా చూసింది.

పేరిందేవమ్మ డబ్బాలో రీలు లేదు. ఉన్న రెండు కళ్ళతోనే చూసింది, చేతులు జోడించింది.

పక్కన సంచి గలగలలాడింది. వెతుకుతున్న చప్పుడు. ఆ వెంటనే, టక్.

"దివాకరం!" అంది హైమవతి.

"ఏం చేయనండీ," అన్నాడు నక్క కెమెరాని కడుపుకి హత్తుకుని. "దుమ్ము!"

పరికరాన్ని కాపాడుకుంటూ కూర్చున్నవాడికి పరికరమే మిగులుతుంది, ఎదుటివాళ్ళని ఎరిగి కాచుకున్నవాళ్ళకే ఫొటో దక్కుతుంది.